వెల్డింగ్ అతుకుకు కాపలా కాసే సెన్సార్లు

దువ్వాడ, గాజువాక చుట్టుపక్కల పిల్లల్లో ఐటీఐలో వెల్డర్ ట్రేడు తీసుకునేవారు ఏటా ఉంటారు. ఏడాది కోర్సు. హిందుస్థాన్ షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, భెల్‌లో కలిసిన పాత బీహెచ్‌పీవీ - అన్నిచోట్లా అతుకు పనే. "ఇప్పుడు మెషిన్లే వెల్డింగ్ చేస్తున్నాయి కదా మాస్టారూ, ఈ చదువుకు డబ్బు పెట్టడం దేనికి?" అని కొందరు దాతలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ముందు ఆ మెషిన్ ఏం చూస్తుందో తెలుసుకుందాం.

అతుకు పైకి నున్నగా ఉన్నా లోపల గాలిబుడగలు, పగుళ్లు ఉండవచ్చు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త నౌక, తుఫానేమీ లేకుండా, రేవులోనే నడిమికి విరిగింది. ఉక్కు పెళుసుదనంతోపాటు వెల్డింగ్ లోపాలూ కారణమని తేలింది. పని పూర్తయ్యాక ఎక్స్‌రే తీస్తే లోపం దొరుకుతుంది గానీ, అప్పటికి ఇనుమూ శ్రమా పోయినట్టే. వేస్తుండగానే పట్టుకోవడం సెన్సారు పని.

తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఇది మన పదో తరగతి పాఠమే. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రంతో ఆ క్షేత్రాన్ని కొలిచి, కేబులును కోయకుండానే ఆంపియర్లు చెప్పవచ్చు. 25 వోల్టులు, 200 ఆంపియర్లు అంటే సెకనుకు 5,000 జౌళ్లు. టార్చి సెకనుకు 5 మిల్లీమీటర్లు కదిలితే మిల్లీమీటరుకు 1,000 జౌళ్లు. వేగం సగానికి పడితే వేడి రెట్టింపవుతుంది, పల్చటి రేకుకు చిల్లు పడుతుంది. వేగం పెరిగితే ఇనుము సరిగా కరిగి కలవదు.

రోబో టార్చిని అటూ ఇటూ ఊపుతూ పోతుంది. అంచు దగ్గరైతే కరెంటు పెరుగుతుంది. రెండు వైపులా పెరుగుదల సమానంగా ఉంటే టార్చి మధ్యలో ఉన్నట్టు, లేకుంటే దానంతటదే జరుగుతుంది. మన పాత వెల్డర్లు ఇదే పని చెవితో చేస్తారు: పకోడీలు వేగుతున్నట్టు చప్పుడు నిలకడగా ఉంటే సరే, చిటపటలు మారితే చెయ్యి సర్దుకుంటుంది.

అయితే ప్లేటు మీది తుప్పు, నూనె తుడవడం, తడిసిన ఎలక్ట్రోడును పక్కన పెట్టడం మనిషి పనే. ఓడ అడుగు భాగంలోని ఇరుకు గదుల్లోకి దూరి అతికేదీ ఎక్కువగా మనిషే. కాబట్టి ఆ చదువు వృథా కాదని నా అభిప్రాయం. కాకపోతే కొలత తెలిసిన వెల్డరు కావాలి.

అందుకు పెద్ద యంత్రం అక్కరలేదు, క్లాంప్ మీటరు చాలు. కొనిచ్చే దాతలు అది డీసీ కొలిచేదో కాదో చూడాలి. ఏసీ మాత్రమే కొలిచేది డీసీ వెల్డింగ్ సెట్‌కు పనికిరాదు.