ముందు మేత సంగతి అడుగు

టెక్సాస్,
డిసెంబరు 2024

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

అక్క చదివి వినిపిస్తుందన్న ధైర్యంతో తెలుగులోనే రాస్తున్నాను. నీకు తెలిసినవే కొన్ని విడమరిచి చెబితే విసుక్కోకు, అవి మీ అమ్మ కోసం. అక్కా, కమిషనర్స్ కోర్టు అంటే పేరుకే కోర్టు. కౌంటీ పాలకవర్గం అది. నలుగురు కమిషనర్లు, పైన కౌంటీ జడ్జి, మొత్తం ఐదుగురు. పెద్ద కౌంటీల్లో ఆ జడ్జిగారు కేసులు వినేది తక్కువ, బడ్జెట్ మీటింగులు నడిపేది ఎక్కువ. ఈ రాష్ట్రంలో ఉన్న 254 కౌంటీల్లో ఒకదానికి నీ కూతురు జనవరి 1 నుంచి నాలుగేళ్లు కమిషనరు.

బుజ్జీ, నీ కరపత్రం చూశాను. "వృథా ఖర్చు తగ్గిస్తాను" అని పెద్ద అక్షరాల్లో వేశావు. నిలబడ్డ ప్రతివాళ్లూ వేసేదే. కుర్చీలో కూర్చున్నాక చూస్తే బడ్జెట్ పుస్తకంలో నువ్వు చెయ్యి పెట్టగలిగిన పేజీలు బహు కొద్ది. జైలు, షెరీఫ్, కోర్టులు, లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిలకు లాయర్లు, ఇవేవీ మనం వద్దంటే ఆగవు. పేదవాడికి లాయరును ఇచ్చి తీరాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక్కడ ఆ బిల్లులో పెద్ద వాటా కౌంటీల నెత్తినే పడింది, రాష్ట్రం ఇచ్చేది కొంతే. షెరీఫ్ కూడా నీలాగే ఓట్లతో గెలిచినవాడు. డబ్బు మంజూరు చేసేది నువ్వయినా అతని మనుషుల చేత ఏం పని చేయించాలో నువ్వు చెప్పలేవు. జనాభా 10 లక్షలు దాటిన కౌంటీలో అయితే, 2021లో వచ్చిన చట్టం ప్రకారం పోలీసు బడ్జెట్ కోయాలన్నా ఓటర్లను అడగాల్సిందే.

అందుకని వృథా వేటలో మొదటి ఏడాది పాడుచేసుకోకు. ఎవరిదో హోటల్ బిల్లు దొరికితే పేపర్లో నీ ఫొటో పడుతుంది, అంతవరకే. నీ అధికారమంతా కొత్త ఖర్చు మొదలయ్యే చోట ఉంది. మీ తాతయ్య గేదెను కొనేటప్పుడు ధర సంగతి ఆఖరున మాట్లాడేవాడు, ముందు మన గడ్డివాము వంక చూసుకునేవాడు. నీ ముందుకు ఏ ఫైలు వచ్చినా ఆ మేత సంగతే అడుగు. మూడో ఏడు దీనికి డబ్బు ఎక్కడిది?

జైలునే తీసుకో. 48 మంది ఖైదీలకు ఒక జైలర్ ఉండాలని రాష్ట్ర జైలు ప్రమాణాల కమిషన్ నియమం. ఒక జైలరంటే ఒక్క జీతమనుకునేవు. వారానికి 168 గంటలు, మనిషి పనిచేసేది 40. సెలవులు, శిక్షణ, జబ్బులు కలుపుకుంటే ఒక్క డ్యూటీకి ఐదుగురు పడతారు. 480 పడకలతో కొత్త బ్లాకు కడదామన్నారనుకో, పది డ్యూటీలు, అంటే 50 మంది. వాళ్ల పెన్షన్లు, ఖైదీల తిండి, మందులు వేరే. కట్టడానికి చేసిన అప్పు ఇరవై ఏళ్లకో పాతికేళ్లకో తీరుతుంది. జీతాలు తీరవు. కట్టొద్దనడం లేదు నేను. జైలు కిక్కిరిసినప్పుడు పక్క కౌంటీకి అద్దె ఇచ్చి ఖైదీలను పంపడమూ తక్కువ ఖర్చేమీ కాదు. కాని లోపలున్నవాళ్లలో శిక్ష పడినవాళ్లెందరు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లెందరు అన్న లెక్క ముందు తెప్పించు. కేసులు కదిలితే పడకలు ఖాళీ అవుతాయి. ఆర్కిటెక్టు ఈ మాట చెప్పడు, అతని ఫీజు కట్టడంలో ఉంది.

ఊరికే వచ్చిన డబ్బుతో ఇంకా జాగ్రత్త. కోవిడ్ తర్వాత 2021లో ఫెడరల్ ప్రభుత్వం దేశంలోని కౌంటీలన్నిటికీ కలిపి 6,510 కోట్ల డాలర్లు కేటాయించింది. కాంట్రాక్టులు రాసుకోవడానికి ఈ నెల 31 ఆఖరు, ఖర్చుపెట్టడానికి 2026 చివరిదాకా గడువు. దాంతో మురుగు కాలువలు, అంబులెన్సు రేడియోలు కొన్నవాళ్లకు చింత లేదు. ఉద్యోగాలు ఇచ్చినవాళ్లు ఆ జీతాలను ఇక ఆస్తిపన్నులో వెతుక్కోవాలి.

రోడ్ల దగ్గరా ఇదే తంతు. నగర పరిధి అవతల బిల్డరు కాలనీ వేస్తాడు, నున్నటి కాంక్రీటు రోడ్లు వేసి "మీరు తీసుకోండి" అని కౌంటీకి అప్పగిస్తాడు. అందులో సగం ఇళ్లు మనవాళ్లవే అయి ఉంటాయి, రిబ్బను కత్తిరించడానికి నిన్ను తప్పకుండా పిలుస్తారు. వెళ్లు, కత్తిరించు. కాని ఆ రోడ్లను తీసుకుంటున్నామని తీర్మానం చేసిన రోజు నుంచి వాటి ప్రతి గుంటా నీదే. పునాది మట్టి పరీక్ష రిపోర్టు చూడకుండా సంతకం పెట్టకు. మన నల్లరేగడి లాంటి నేల ఇక్కడా ఉంది, ఎండకు బీటలు తీసి వానకు ఉబ్బుతుంది.

65 ఏళ్లు దాటినవాళ్ల ఇంటిపన్ను అక్కడికక్కడ ఆపేసే వెసులుబాటు కౌంటీలకు 2003 రాజ్యాంగ సవరణతో వచ్చింది. మీ కౌంటీ ఇంకా పెట్టకపోయి ఉంటే ఎవరో ఒకరు తెస్తారు, హాలు నిండా చప్పట్లు పడతాయి. పెద్దవాళ్ల మీద నాకూ జాలి ఉంది, నేనూ వాళ్లలో ఒకణ్ణే. అయితే ఒకసారి పెట్టాక దాన్ని రద్దు చేయడానికి వీల్లేదు. ఆ భారం పిల్లలున్న కుర్రకాపురాల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో పదేళ్ల అంచనా వేయించాకే చెయ్యి ఎత్తు.

ఇక "రేటు పెంచలేదు" అనే మాట. అబద్ధం ఆడకుండానే నిజం దాచే విద్య అది. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, మనం పెట్టేది రేటు. వందకు 40 సెంట్లయితే 5 లక్షల డాలర్ల ఇంటికి 2,000 డాలర్లు. విలువ 10 శాతం పెరిగి రేటు కదలకపోతే 2,200. పోయినేడు ఉన్న ఆస్తుల మీద అంతే సొమ్ము రావడానికి ఎంత రేటు సరిపోతుందో లెక్కగట్టి ప్రకటించాలని చట్టమే చెబుతోంది, నో న్యూ రెవెన్యూ రేటు అంటారు దాన్ని. నువ్వు మాట్లాడినప్పుడల్లా ఆ అంకెతో పోల్చి మాట్లాడు. నిర్వహణ ఖర్చులకు తీసే పన్ను 3.5 శాతానికి మించి పెంచాలంటే, 2019 సెనేట్ బిల్లు 2 వచ్చాక, నవంబరులో ఓటింగు పెట్టాలి. అంతకుముందు ఆ గీత 8 శాతం. అప్పు తీర్చడానికి వేసే పన్ను ఈ గీతలోకి రాదు, అందుకే కొందరికి అప్పు తియ్యగా ఉంటుంది. పైగా సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ అనే రకం అప్పుకు, ఓటర్లలో 5 శాతం మంది అర్జీ పెడితే తప్ప ఎన్నిక అక్కర్లేదు. అది అత్యవసరానికి దాచుకో.

మీ ఐదుగురిలో ముగ్గురు ఒక మాట మీదుంటే బడ్జెట్ గట్టెక్కుతుంది. పన్ను విధించాలంటే మాత్రం హాల్లో నలుగురుండాలి. 2022లో హ్యారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు మీటింగులకు రాకుండా కూర్చున్నారు, కోరం లేక చివరికి నో న్యూ రెవెన్యూ రేటే ఖాయమైంది. వాళ్లది ధర్మమా కాదా అన్నది అటుంచు, ఓడిన పక్షంతో ఆగస్టుకు ముందే కూర్చుని కాఫీ తాగడం నేర్చుకో.

మనవాళ్లు క్రికెట్ గ్రౌండు అడుగుతారు. పిచ్‌కు ఎంతవుతుందో వాళ్లే చెబుతారు. గడ్డి కోసేదెవరు, నీళ్ల బిల్లు, లైట్ల బిల్లు ఎవరివని నువ్వు అడుగు. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. పక్కవాళ్ల బేస్‌బాల్ గ్రౌండును ఇదే ప్రశ్న అడిగి ఉంటే నీకు భయం ఉండదు.

మొదటి వారంలోనే కౌంటీ ఆడిటర్‌ను కలువు. ఆ పదవికి మనిషిని నియమించేది డిస్ట్రిక్ట్ జడ్జీలు, మనం కాదు. అందుకే మన మొహం చూసి అంకెలు మార్చాల్సిన అగత్యం ఉండదు. రాబోయే మూడేళ్ల రాబడి అంచనా రాతపూర్వకంగా అడిగి తీసుకో. మీకు అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం కదా, వేసవిలో ముసాయిదా చేతికి రాగానే నాకొక కాపీ పంపు. రోడ్లు, వంతెనల ఫండు పేజీలు ముందు పంపు, మిగతావి తీరిగ్గా చూస్తాను.

అత్తయ్య నిన్ను అడిగానని రాయమంది.

నీ మావయ్య