‘కోర్టులో ఉంది’ అనగానే ఇంటికి వచ్చేయకండి

ఈమధ్య వకీలుగా నా దగ్గరికి వస్తున్న కాలనీ తగాదాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని పక్కింటాయన నాలుగో స్లాబు వేస్తుంటాడు. ఇంకో వీధిలో సెట్‌బ్యాక్ వదలకుండా ప్రహరీని ఆనుకునే గోడ లేపుతారు. మరోచోట స్టిల్ట్ పార్కింగుకు షట్టర్లు బిగించి దుకాణాలకు అద్దెకిస్తారు. ఇబ్బంది పడ్డవాళ్లు కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసుకు వెళ్తారు, అర్జీ ఇస్తారు, నాలుగు రోజులు తిరుగుతారు. చివరికి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఎవరో ఒకరు తలైనా ఎత్తకుండా ఓ మాట అంటారు: “అది కోర్టులో ఉందండీ, మేమేం చేయలేం.” ఆ మాటతో వీళ్లు ఇంటికొచ్చేస్తారు. పక్క బిల్డింగుకు రంగులు కూడా పడ్డాక నా ఆఫీసు మెట్లెక్కుతారు.

ఏ కోర్టండీ? తెలియదు. కేసు నంబరు? అడగలేదు. ఆర్డర్‌లో ఏం రాశారు? “స్టే అన్నారు సార్.”

జనం మునుగుతున్నది ఇక్కడే. అక్రమ కట్టడం వల్ల, లంచం వల్ల కన్నా, ఈ ‘కోర్టులో ఉంది’ అన్న మాట నమ్మి ఊరుకోవడం వల్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ఇటీవల చేపట్టిన కేసు చెబుతాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చారు. పాత కాలనీలో సొంత ఇల్లు. పక్క ప్లాటువాళ్లు పాత పెంకుటిల్లు కూలగొట్టి కొత్తది మొదలుపెట్టారు. ప్లాను ప్రకారం ఆవిడ వైపు మీటరు ఖాళీ వదలాలి, వదిలింది జానెడు. ఇప్పుడు ఆవిడ వంటింటి కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకోదు, పక్కవాళ్ల పిల్లరుకు తగిలి ఆగిపోతుంది. పట్టపగలు లైటు వేసుకుని వంట చేస్తున్నారు. పునాదుల దశలోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్న మనిషి. ఇలాంటి క్లయింట్లు అరుదు. కార్పొరేషన్ కూడా మున్సిపల్ చట్టం సెక్షన్ 452 కింద నోటీసు ఇచ్చింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. అడిగితే ‘కోర్టులో ఉంది’.

నిజానికి జరిగింది ఇది. యజమాని ఆ నోటీసు పట్టుకుని సివిల్ కోర్టుకు వెళ్లాడు. కార్పొరేషన్‌ను ప్రతివాదిగా పెట్టి ఇంజంక్షన్ దావా వేశాడు. ఫిర్యాదు చేసిన టీచరమ్మ పేరు అందులో లేదు. ఉండదు కూడా, ఏ వాదీ తన నోటికి అడ్డుపడేవాళ్లను కోరి పిలవడు. తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. కార్పొరేషన్ వకీలు వకాలత్ వేశారు, కౌంటర్ మాత్రం వేయలేదు. వాయిదాలు నడుస్తున్నాయి, పైన స్లాబులూ పడుతున్నాయి.

దావా నంబరు కోసం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వెతికాం. అక్కడ పార్టీ పేరు, సంవత్సరం కొడితే కేసు వస్తుంది, ఫీజు లేదు, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. యజమాని ఇంటిపేరు ముందు పెట్టి వెతికితే రాలేదు, చివర పెడితే వచ్చింది. పేరు దొరకలేదని వదిలేయకుండా అక్షరాలు అటూ ఇటూ మార్చి చూడండి.

ఇక ఆర్డర్ తెప్పించి చదివితే అసలు సంగతి బయటపడింది. అందులో ‘కూల్చవద్దు’ అని ఊరికే లేదు. చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా వాది ఆస్తిలో జోక్యం చేసుకోవద్దని ఉంది, అదీ తదుపరి వాయిదా దాకా. అంటే పద్ధతి పాటించి చర్య తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 1955లో ఆ పద్ధతి స్పష్టంగానే ఉంది. 452 కింద సంజాయిషీ అడగాలి, వచ్చిన జవాబు పరిశీలించి కారణాలతో ఉత్తర్వు రాయాలి, అయినా కదలకపోతే 636 కింద తొలగించాలి. మొదటి నోటీసు దగ్గరే ఆగిపోయిన టౌన్ ప్లానింగ్ సెక్షన్‌వాళ్లు కోర్టు తమ చేతులు కట్టేసిందని ఊరంతా చెబుతున్నారు. పైగా ఆ ఆర్డర్‌లో కట్టుకోమని యజమానికి ఎక్కడా అనుమతి ఇవ్వలేదు. అతను మాత్రం మేస్త్రీలకు దాన్నే పర్మిషన్‌లా చూపిస్తున్నాడు.

నేను చూసిన ఇలాంటి ఆర్డర్లలో చాలావాటిలో ఈ ‘చట్టప్రకారం తప్ప’ అన్న ముక్క ఉంటుంది. చదివే ఓపిక ఆఫీసులో ఎవరికీ లేదు, లేదా చదవకపోవడమే వాళ్లకు లాభం. ఏదైనా ఫలితం ఒకటే. అందుకే మళ్లీ చెబుతున్నాను: ఎవరైనా ‘కోర్టులో ఉంది’ అంటే కుర్చీలోంచి లేవకండి. ఓ.ఎస్. (సివిల్ దావా) నంబరా, రిట్ పిటిషన్ నంబరా, ఏ సంవత్సరం, ఏ కోర్టు, ఆర్డర్ తేదీ ఎంత, తదుపరి వాయిదా ఎప్పుడు – ఇవన్నీ అడిగి అక్కడే రాసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. ‘ఏం చర్య తీసుకున్నారు’ అని గాలివాటంగా అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అని రాసి పంపిస్తారు. మంజూరైన ప్లాను కాపీ, ఇచ్చిన నోటీసుల కాపీలు, దావా నంబరు, కౌంటర్ వేసిన తేదీ, ఉత్తర్వు రద్దు కోరుతూ పిటిషన్ వేశారా లేదా, వీటిని విడివిడిగా అడగండి. కౌంటర్ వేయలేదని వాళ్ల సంతకంతోనే కాగితం వస్తే, హైకోర్టులో అది మీకు పెద్ద ఆయుధం.

కేసు దొరికాక ఏం చేయాలి? ఆ దావాలో మిమ్మల్ని కూడా ప్రతివాదిగా చేర్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10 కింద పిటిషన్ వేసుకోవచ్చు. అవతలివాళ్లు గట్టిగా ఎదిరిస్తారు: ‘మా తగాదా కార్పొరేషన్‌తో, మధ్యలో ఈయనెవరు?’ అని. ఆ వాదన విని పిటిషన్ కొట్టేసే జడ్జీలూ ఉన్నారు, ఆ మాట దాచను. కానీ పొరుగువాడికి హక్కే లేదనడం కుదరదు. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలుకు మున్సిపాలిటీ అనుమతిచ్చినప్పుడు అక్కడి నివాసి ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నిబంధనలకు విరుద్ధమైన కట్టడం ఇరుగుపొరుగు తమ ఆస్తిని అనుభవించే హక్కును దెబ్బతీస్తుందని 1974లోనే కోర్టు ఒప్పుకుంది. పార్టీగా చేరాక ఆర్డర్ 39 రూల్ 4 కింద ఆ తాత్కాలిక ఉత్తర్వును ఎత్తేయమనో సవరించమనో అడగొచ్చు. అవతలి పక్షం వినకుండా ఇచ్చిన ఇంజంక్షన్ పిటిషన్‌ను ముప్పై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని రూల్ 3ఎ చెబుతోంది. అడిగేవాడు లేక అది పుస్తకంలోనే ఉండిపోతోంది.

చేర్చుకోకపోయినా దారులు మూసుకుపోవు. కార్పొరేషన్ పని చేయడం లేదని హైకోర్టులో రిట్ వేయొచ్చు. గాలి వెలుతురు హక్కు ఇరవై ఏళ్లుగా అనుభవిస్తున్నవాళ్లు ఈజ్‌మెంట్ చట్టం ఆధారంగా సొంత దావా వేసుకోవచ్చు. టీచరమ్మ కిటికీకి ఆ వయసు ఎప్పుడో దాటింది.

కేవియట్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. నోటీసు ఇచ్చిన వెంటనే కార్పొరేషనే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేసుకుంటే తన మాట వినకుండా ఉత్తర్వు రాకుండా చూసుకోవచ్చు. తొంభై రోజులు పనిచేస్తుంది, ఖర్చు నామమాత్రం. వేయరు. మీరు వేసినా, దావాలో మీ పేరే లేనప్పుడు అది పట్టుకుంటుందన్న భరోసా లేదు. కాబట్టి కేవియట్ వేశాం కదా అని నిద్రపోకండి.

అధికారులనే అనడం న్యాయం కాదు, క్లయింట్ల సంగతీ చెప్పాలి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మూడొందల మెసేజులు ఉంటాయి, కార్పొరేటర్‌తో దిగిన ఫోటో ఉంటుంది, సంతకం పెట్టి ఇచ్చిన ఫిర్యాదు ఒక్కటీ ఉండదు. ఉన్నా దాని మీద ఇన్‌వార్డ్ ముద్ర ఉండదు. “నోటితో చెప్పాం సార్, ఆయన మంచివాడు, చూస్తానన్నాడు” అంటారు. ఆ మంచివాడు బదిలీ అయిపోయి ఉంటాడు. ఇంకొందరు పక్కింటాయనతో మొహమాటం అంటారు. మొహమాటపడి ఏడాది ఆగితే, కట్టడం పూర్తయ్యేదాకా కళ్లముందే చూస్తూ ఎందుకు ఊరుకున్నావని జడ్జి అడిగే ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండదు. కడుతున్న గోడను ఆపించడం ఒక ఎత్తు, కట్టేసి కాపురం పెట్టిన ఇంటిని తీయించడం ఇంకో ఎత్తు.

అయినా ఇప్పటికే ఆలస్యమైనవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. కాలం గడిచిందనో, డబ్బు పోశారనో, అధికారులు ఊరుకున్నారనో అక్రమ కట్టడం సక్రమమైపోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న ఉత్తర్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చి చెప్పింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది సరిచూసుకున్నాకే అప్పివ్వాలని అదే తీర్పులో ఉంది. కాబట్టి కార్పొరేషన్ కదలకపోతే విద్యుత్ సంస్థకు, వాటర్ బోర్డుకు కూడా తీర్పు కాపీ జతచేసి రాయండి. అక్రమంగా లేపిన పై అంతస్తుల్లో ఫ్లాటు కొనబోయేవాళ్లు కూడా ఈ తీర్పు ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

టీచరమ్మను దావాలో చేర్చమని ఇంప్లీడ్ పిటిషన్ వేశాం, కౌంటర్ కోసం వాయిదా పడింది. ఆర్డర్ కాపీకి ‘మీ చర్యకు ఇది అడ్డు కాదు’ అన్న లేఖ జతచేసి, కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ లేఖ అందిన వారంలోనే అదే సెక్షన్ మనిషి టేపు పట్టుకుని వచ్చి సెట్‌బ్యాక్ కొలుచుకుని వెళ్లాడు. ఇలాంటి తగాదా ఉన్నవాళ్లు నా దగ్గరికైనా, ఇంకో వకీలు దగ్గరికైనా వెళ్లేటప్పుడు ముద్ర ఉన్న ఫిర్యాదు, తేదీ పడేలా తీసిన ఫోటోలు, కేసు నంబరు పట్టుకెళ్లండి. మిగతావి లేకపోయినా పర్వాలేదు, కేసు నంబరు మాత్రం అడక్కుండా ఆ కార్పొరేషన్ ఆఫీసు గడప దాటకండి.