బూటు కుడికాలికి... నొప్పి ఎడమవైపు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. టీచర్‌ని. మెట్ల మీద జారిపడితే కుడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదని, ఆరు వారాలు వాకింగ్ బూటు వేసుకుని నడవొచ్చని చెప్పారు. మూడు వారాలైంది. దెబ్బ తగిలిన చోట నొప్పి తగ్గింది గానీ ఇప్పుడు ఎడమ తుంటి, నడుము పీకేస్తున్నాయి. కుంటుతున్నాను కూడా. ఈ నడక ఇలాగే ఉండిపోతుందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు నాదొక ప్రశ్న. ఇంట్లో మీ ఎడమకాలికి ఏం వేసుకుంటున్నారు? ఏమీ ఉండదనుకుంటా. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దాటి లోపలికి రావు కదా! బూటు అడుగేమో రెండు మూడు సెంటీమీటర్ల మందం. అంటే మీ కుడికాలు అంత మేర పొడుగైనట్టే. నడుము ఎడమకు ఒరుగుతుంది, అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువు ఆ తుంటి మీదికి దిగుతుంది. రోజంతా ఇదే తంతైతే నొప్పి రాకుండా ఉంటుందా? మందపాటి అడుగున్న కొత్త చెప్పొకటి ఇంట్లో ఎడమకాలికి వేసుకోండి. పెద్దవాళ్లు గొణిగినా సరే. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ నడుము ఎముకల మీద ఆనించండి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఆ చెప్పు సరిపోయినట్టు.

ఇక కుంటడం సంగతి. మామూలు నడకలో మడమ ముందు ఆనుతుంది. పాదం నేల మీదే ఉండగా మోకాలు దాని మీదుగా ముందుకు వస్తుంది, అప్పుడు చీలమండ పది డిగ్రీల దాకా వంగుతుంది. చివర్లో పిక్క కండరం మడమను లేపి నేలను వెనక్కి తన్నుతుంది. మనల్ని ముందుకు నడిపించే ఊపులో పెద్ద వాటా ఆ తన్నుదే. బూటు చీలమండను కదలనివ్వదు కాబట్టి ఆ తన్ను పోయింది. తుంటి ముందు కండరాలే కాలిని, బూటు బరువుతో సహా ఎత్తి ముందుకు వేయాలి. అలసిపోయి కాలిని పక్కకు తిప్పి వేస్తాం, పాదం బయటికి తిరుగుతుంది. అలా వద్దు. బూటు అడుగు పడవలా వంపుగా ఉన్నది అందుకే: పాదం తిన్నగా పెట్టి, మడమ నుంచి వేళ్ల వైపు దొర్లించండి. అడుగులు చిన్నవిగా వేయండి. చేతికర్ర వాడితే ఎడమచేత్తో పట్టుకోండి. చాలామంది దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు, అది తప్పు. మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు బూటు కాలు ముందు. బూటుతో స్కూటీ నడపొద్దు.

నడక చాలావరకు మామూలైపోతుంది. బూటు తీశాక కొన్నాళ్లు చీలమండ బిగుసుకుని, పిక్క సన్నబడి ఉంటుంది. మీ డాక్టర్ సరేనన్నాక పాదం పైకీ కిందికీ ఆడించడం, తర్వాత మునివేళ్ల మీద లేవడం మొదలుపెట్టండి. అప్పటికీ కుంటు పోకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మధుమేహం ఉంటే రోజూ బూటు విప్పి చర్మం చూసుకోండి.

అన్నట్టు, బూటు తీసేసిన రోజే ఆ ఎత్తు చెప్పు కూడా తీసేయండి. లేదంటే ఈసారి కుడి తుంటి మొదలెడుతుంది!