చుక్క సంగతి

కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ లేని రోజుల నుంచీ ఇక్కడే ఉంటున్నాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. మరుసటి నెలలోనే ఎరిక్సన్ కంపెనీ తన ప్రోగ్రామింగ్ భాష ఎర్లాంగ్‌ను ఓపెన్ సోర్స్ చేసింది. రెండూ ఒకదాని కోసం ఒకటి వచ్చినట్టు నాకు తోచింది. ఆ తోచడమే నన్ను చాలాకాలం తిప్పింది. పదకొండేళ్లు ఆ భాష గురించి తెలుగులో రాశాను, శనివారాలు పాఠం చెప్పాను. నేర్పినదానికంటే నేర్చుకున్నదే ఎక్కువ. భాష నేర్పాలనుకునేవాళ్ల కోసం అందులో ఐదు మాటలు ఇవి.

1. పొగడ్త విని ఎవరూ భాష నేర్చుకోరు.

నా మొదటి వ్యాసం నిండా చరిత్రే. 1986లో స్వీడన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం మొదలుపెట్టిన సంగతి, డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ పేరును దానికి పెట్టిన సంగతి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆగకూడదన్న పట్టుదల. చదివినవాళ్లు బాగుందన్నారు, ఒక్కరూ ఒక్క లైను రాయలేదు. తర్వాత ఒకసారి పాత లాప్‌టాప్‌లో లక్ష ప్రాసెస్‌లు పుట్టించి, అందులో ఒకదాన్ని చంపి, మిగతావి ఏమీ ఎరగనట్టు నడవడం చూపించాను. వెనక బెంచీవాళ్లు లేచి ముందుకొచ్చారు.

2. పక్క భాషను తిట్టకండి.

అమీర్‌పేట మైత్రీవనం మెట్లెక్కి జావా నేర్చుకునేవాళ్లను వెక్కిరించాను. వాళ్ల ఇంట్లో బియ్యం ఆ జావాతోనే వస్తాయి.

3. పెద్ద పేరు చూపించి ఆశ పెట్టకండి.

ఇది రాయడానికి చెయ్యి ఆడదు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. వాట్సాప్ సర్వర్లు నడిచేది ఎర్లాంగ్‌తో. ఇంకేం, ప్రతి సభలో అదే పాట. 1998లో ఎరిక్సన్ తన కొత్త ఉత్పత్తుల్లో ఎర్లాంగ్ వాడొద్దన్న మాట మాత్రం మింగేశాను. కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు, "సార్, దీనికి ఓపెనింగ్స్ ఉన్నాయా?" అని అడిగాడు. "ముందు నేర్చుకో, అవే వస్తాయి" అన్నాను. జావా కోచింగ్ మానేశాడు. ఏడాది తిరిగినా పిలుపు రాలేదు, మళ్లీ అమీర్‌పేట దారే పట్టాడు. ఎర్లాంగ్‌లో ప్రాసెస్ పడిపోతే సూపర్‌వైజర్ మళ్లీ లేపుతుంది. వాడి ఏడాదికి అలాంటి ఏర్పాటేదీ లేదు. తర్వాత బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర కనిపించి, "బాగున్నారా సార్" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

4. మొదటి గంటలో ఎక్కడ ఆగిపోతారో చూడండి.

ఎర్లాంగ్‌లో మన తెలుగు వాక్యంలాగే చివర చుక్క పెట్టాలి. పెట్టకపోతే అది తప్పని కూడా చెప్పదు, మాట ఇంకా అవలేదనుకుని ఎదురుచూస్తుంది. ఒకమ్మాయి అరగంటసేపు ఎంటర్ నొక్కుతూ కూర్చుంది. కంప్యూటర్ పాడైందనుకుంది. అడగడానికి సిగ్గుపడింది. ఆమె ముందు నేను బోర్డు మీద సూపర్‌విజన్ చెట్టు బొమ్మ గీస్తున్నాను! మరుసటి శనివారం ఆమె రాలేదు. అన్ని వ్యాసాలు రాసినవాణ్ని, చుక్క గురించి ఎక్కడా రాయలేదు. నాకు అలవాటైపోయింది కదా, కనిపించలేదు.

5. భాష మన సొత్తు కాదు.

జోసె వాలిమ్ అనే బ్రెజిల్ కుర్రాడు ఎర్లాంగ్ యంత్రం మీదే, రూబీ పోకడలతో ఎలిక్సిర్ అనే భాష చేస్తే దొడ్డిదారి అని మూతి ముడుచుకున్నాను. ఆ దారినే వచ్చినవాళ్లు ఎందరో. తలుపు తీసినవాడి మీద నాకెందుకంత కోపమో ఇప్పటికీ అర్థం కాదు. ముసలితనం కాదు, అప్పటికి నాకు అరవై కూడా నిండలేదు.

ఇప్పుడు శనివారాలు ఇద్దరు వస్తున్నారు. ఇద్దరికీ జావా ఉద్యోగాలున్నాయి, అది కనుక్కున్నాకే రమ్మన్నాను. మొదటి రోజు పాఠం చుక్క.