స్కిజోఫ్రీనియా రోగులకు వ్యాయామము

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన మైదానమున బంతులాడు బాలురను చూచువారు వ్యాయామము కండల కొఱకే యని తలంపవచ్చును. చెదరిన మనస్సునకు గూడ అది మేలుచేయునని విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలుపుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

స్కిజోఫ్రీనియా యను వ్యాధికి 1908వ సంవత్సరమున ఆ పేరిడినవాడు స్విట్జర్లండు వైద్యుడగు యూజెన్ బ్లాయిలర్. లోకమున సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి గలదు. ఇది తఱచుగా యౌవనమున ఆరంభమగును. ఎవరును పలుకకున్నను రోగికి మాటలు వినబడును. లేని శత్రువులు ఉన్నట్లు తోచును. ఇంతకంటె ఇంటివారిని క్రుంగదీయునది వేఱొకటి గలదు. రోగి ఉత్సాహము కోల్పోయి, స్నానము మాని, ఒక మూల కూర్చుండిపోవును. మన పల్లెలలో దీనిని సోమరితన మనువారును, గాలి సోకిన దనువారును గలరు. రెండును పొరపాటే. అదియు వ్యాధి లక్షణమే.

1952వ సంవత్సరమున పారిస్ నగరమున క్లోర్‌ప్రోమజిను వాడుక మొదలైనది మొదలు మందులు భ్రమల నణచుచున్నవి గాని, ఈ నిరుత్సాహమును అంతగా తొలగింపజాలకున్నవి. పైగా కొన్ని మందుల వలన ఆకలి హెచ్చి దేహము స్థూలించును, మధుమేహమును రావచ్చును. ఈ రోగులు ఇతరులకంటె 10 మొదలు 20 ఏండ్లు ముందుగా మరణించుచున్నారు. గుండెజబ్బు అందులకొక ముఖ్యకారణము. వ్యాయామము అక్కఱకు వచ్చునది ఇచ్చటనే.

బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధన మనకు సమీపమైనది. మందులు వాడుచున్న 61 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు యోగాసనములును, రెండవదానికి సాధారణ వ్యాయామమును నాలుగు నెలలు నియమించిరి. యోగాసనముల జట్టు ఎక్కువ మేలు పొందెను. అయితే కడవఱకు నిలిచినవారు 41 మందియే. మాకు ఈ సంఖ్యయే ముఖ్యముగా తోచుచున్నది. వారమునకు 90 నిమిషములకు తగ్గక, కొంచెము ఆయాసము వచ్చునట్లు శ్రమించినచో వ్యాధి లక్షణములు తగ్గునని 2015లో ఆంగ్ల పరిశోధకులు అనేక పరీక్షలను సమకూర్చి తెలిపిరి. నిరుత్సాహమే వ్యాధియైనవానిని ఆ 90 నిమిషములు నడిపించువా రెవరు? నడువుమని చెప్పువారు పలువురు గలరు. తోడు నడచువారే అరుదు.

తోడు నడచుటకు మాఱుగా కట్టివేయుట మన దేశమున చాలకాలము సాగినది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందలి ఏర్వాడిలో పాక తగులబడగా, గొలుసులతో బంధింపబడియున్న 28 మంది మనోరోగులు పాఱిపోలేక మరణించిరి. 2017వ సంవత్సరపు చట్టము అట్టి బంధనమును నిషేధించుచున్నది. మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని మనుష్యుని సంకెళ్లతో బంధించినవారు ఊరివారు. ప్రభువు ఆతనిని స్వస్థపఱచి ఇంటివారియొద్దకు పంపెను.

దేవరుప్పుల వంటి ఊర చెఱువుకట్టపై వేకువను నడచుటకు రుసుము లేదు. మొదట పది నిమిషములు చాలును. రోగి అన్నయో, మేనమామయో ప్రక్కన నడువవలయును, ఉపదేశములు మానవలయును. పత్తిచేనిలో పనిచేయగలిగిన నదియు వ్యాయామమే. కాని కొన్ని మందులు చెమటను తగ్గించును గనుక వేసవి మధ్యాహ్నమున ఎండలోనికి పంపరాదు. నడక ప్రారంభించితిమని మందులు మానిపింపరాదు. వాని మార్పు వైద్యుని పని. హైదరాబాదున ఎఱ్ఱగడ్డ ఆసుపత్రి గలదు. అంతదూరము వెంటనే పోలేనివారు 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.