కిడ్నీ జబ్బులో దురద – ఆహార నియమాలు

కిడ్నీ జబ్బు ముదిరినవారిని, డయాలిసిస్ చేయించుకుంటున్నవారిని రాత్రిళ్ళు నిద్రపోనివ్వని బాధ దురద. దద్దుర్లు, పొక్కులు ఏమీ కనిపించవు. కానీ గీరి గీరి వీపు, చేతులు పుండ్లు పడతాయి. యునానీలో దురదను 'హిక్కా' అంటారు (ఆయుర్వేదంలో హిక్క అంటే ఎక్కిళ్ళు. ఇది వేరు).

దురద వస్తే రక్తం చెడిందని 'ముసఫ్ఫీ ఖూన్', అంటే రక్తశుద్ధి మందు తాగడం మనవాళ్ళకు అలవాటు. మీకు కిడ్నీ జబ్బు ఉంటే ఆ సీసా ముట్టుకోకండి. మలినాలను వడకట్టాల్సిన కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఆ పని ఏ షర్బత్ చేయలేదు. పైగా ఇలాంటి మందుల్లో కొన్నిటిలో సునాముఖి ఉంటుంది. విరేచనాలై ఒంట్లో నీరు పోతే మిగిలిన కిడ్నీ శక్తి కూడా తగ్గుతుంది. లోహాలతో చేసే కుష్తాలు అసలే వద్దు. 'జరావంద్' (మన ఈశ్వరి వేరు జాతి) ఉన్న మందు స్వయంగా కిడ్నీలను పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. ఈ మాట హకీములే ముందుగా చెప్పాలని నా అభిప్రాయం.

ఈ దురదకు ముఖ్య కారణాలు చర్మం ఎండిపోవడం, రక్తంలో ఫాస్ఫరస్ పెరగడం, డయాలిసిస్ చాలినంత జరగకపోవడం. అందుకే డయాలిసిస్ మధ్యలో మానేసి ఇంటికి వచ్చేయకండి. గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం ముగించండి. సున్నిపిండితో రుద్దవద్దు. మెత్తటి తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ రోగన్ బాదాం గానీ రాయండి. గోళ్ళు కత్తిరించుకోండి.

ఇక 'ఇలాజ్ బిల్ గిజా', అంటే ఆహార చికిత్స. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండేవి కాలేయం, గుర్దాలు, ముళ్ళతో తినే చిన్న చేపలు, కోవా, జున్ను, నల్లని కూల్‌డ్రింకులు. ప్యాకెట్ ఆహారంలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పుల్లోది అంత పట్టదు. యానాం, బరంపురం వైపు ఇష్టంగా తినే ఎండుచేపల్లో ఫాస్ఫరస్‌తో పాటు ఉప్పూ ఎక్కువే. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర డాక్టరు ఇస్తే భోజనంతోనే వేసుకోవాలి. తిన్న 2 గంటలకు వేసుకుంటే ఉపయోగం లేదు.

అలాగని మాంసకృత్తులు పూర్తిగా మానేయకూడదు. 60 కిలోల మనిషికి డయాలిసిస్‌కు ముందు రోజుకు సుమారు 36–48 గ్రాములు చాలు. డయాలిసిస్ మొదలయ్యాక 60–72 గ్రాములు కావాలి. గుడ్డు తెల్లసొన మంచిది, అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ.

చలవ చేస్తుందని కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం తాగుతుంటారు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. బార్లీ నీళ్ళను కూడా డాక్టరు చెప్పిన నీటి లెక్కలోనే చూసుకోండి. 'తక్కువ సోడియం' ఉప్పులో ఉండేది పొటాషియమే, కొనవద్దు. కూరగాయలను ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీరు పారబోసి వండండి.

వేళ్ళ సందుల్లో పొక్కులుండి ఇంట్లో అందరికీ దురదైతే అది గజ్జి కావచ్చు. కళ్ళు పచ్చబడితే కాలేయం చూపించుకోవాలి. ఇవేవీ కాక దురద తగ్గకపోతే కిడ్నీ డాక్టరుకు చెప్పండి. తక్కువ మోతాదులో ఇచ్చే గాబాపెంటిన్ వంటి మందులున్నాయి. వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న యునానీ, నాటు మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి.