మెట్లెక్కనంటున్న లాబ్రడార్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు కుంటే కుక్కల గురించే. మూడిళ్లలోనూ అనుకుంటున్న జబ్బు ఒకటే: ముసలితనంతో వచ్చే కీళ్లనొప్పులు. ఉత్తరాల్లోని లక్షణాలు చూస్తే ఆ మాట మొదటి కుక్కకే సరిపోయేలా ఉంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మగ లాబ్రడార్‌కు తొమ్మిదేళ్లు, బరువు 44 కిలోలు. పొద్దున లేవడానికి నానా అవస్థ పడుతోంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. కారెక్కదు, మెట్ల దగ్గర ఆగిపోతుంది. అయితే మూలగదు, అరవదు. మొన్న చలికి మరీ బిగుసుకుపోతే మావారు మోకాళ్లకు వేసుకునే డైక్లోఫెనాక్ మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టాం. ఆ రోజంతా హుషారుగా తిరిగింది. రోజూ వెయ్యొచ్చా? - విజయవాడ పాఠకురాలు

జవాబు: వెయ్యకూడదు. ఇంకో సగం కూడా వద్దు. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. మొదటి రోజు కనిపించే హుషారే చాలామందిని మోసం చేస్తుంది. వాంతులు, తిండి మానడం, తారులాంటి నల్లటి విరేచనం కనబడితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశం 2006లో ఆపింది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి కుప్పకూలడం అందుకు కారణం. పశువైద్యంలోంచి పోయిన ఆ మందు మనుషుల కోసం ఇళ్లలో ఉంటూనే ఉంది, అక్కడి నుంచే కుక్కల పళ్లెంలోకి వస్తోంది.

ఇక జబ్బు సంగతి. రాత్రంతా పడుకుని లేచాక బిగుసుకుపోవడం, నడిచేకొద్దీ సడలడం కీళ్ల అరుగుదలను పట్టిచ్చే గుర్తు. లాబ్రడార్లలో చాలావాటికి తుంటి కీలు ఎదిగే వయసులోనే వదులవుతుంది. ఎముక తల దాని గుంటలో కుదురుగా కూర్చోదు, ఏళ్ల తరబడి ఒరుసుకుని మృదులాస్థి అరిగిపోతుంది. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. కుక్క నొప్పిని అరిచి చెప్పదు. ఆడటం మానేస్తుంది, కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకు చాపుతుంది, ఒకే కీలును పదే పదే నాకుతుంది. మెట్ల దగ్గర ఆగడం కూడా అలాంటిదే.

వైద్యం మందుతో కాదు, బరువుతో మొదలుపెట్టాలి. మగ లాబ్రడార్ ఉండాల్సింది 29 నుంచి 36 కిలోలు, మీది 44. అమెరికాలో 48 లాబ్రడార్లను జంటలు చేసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికంటే నాలుగో వంతు తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. తక్కువ తిన్న గుంపు సగటున 13 ఏళ్లు బతికితే, రెండో గుంపు 11 ఏళ్లు దాటిన కొద్దికాలానికే పోయింది. బక్కపలచటి కుక్కలకు కీళ్ల జబ్బు ఆలస్యంగా వచ్చింది. ఇంత చవకైన మందు ఇంకొకటి లేదు, ఇంత కష్టంగా అమలయ్యేది కూడా లేదు. అన్నం కొలత ఇంట్లో ఒకరే చూసుకుంటారు, టీ వేళ బిస్కెట్లు మాత్రం అందరూ వేస్తారు! అరచేత్తో పక్కన నిమిరితే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర నొక్కు కనబడాలి. అంతవరకు తగ్గించండి, అయితే నెలల మీద, మెల్లగా.

నొప్పికి కుక్కల కోసమే తయారైన మాత్రలున్నాయి: కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్. మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ చూడాలి, వాడుతున్నన్నాళ్లూ మధ్యమధ్యలో మళ్లీ చూడాలి. వీటితో పాటు స్టెరాయిడ్ ఇవ్వకూడదు. ఒక మాత్ర నుంచి ఇంకో దానికి మారేటప్పుడు కొన్ని రోజుల విరామం కావాలి, ఎన్ని రోజులన్నది పశువైద్యుడు చెబుతారు. ఇప్పటికే డైక్లోఫెనాక్ పడింది కనుక ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఒక్క మందుకు లొంగకపోతే గాబాపెంటిన్ లాంటివి జతచేస్తారు. చేపనూనెలోని ఒమేగా 3 కొవ్వులు కొంత మేలు చేస్తాయి. గ్లూకోసమైన్ డబ్బాల మీద పెట్టే ఖర్చుకు తగ్గ రుజువు మాత్రం లేదు. ఆ డబ్బు రక్తపరీక్షకు పెడితే మేలు.

ఇంట్లో గ్రానైటో టైల్సో ఉంటే కుక్క పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా రబ్బరు మ్యాట్లు గానీ గోనెపట్టాలు గానీ పరవండి. కాలు జారిన ప్రతిసారీ తుంటి మెలిపడుతుంది. గోళ్లు పెరగనివ్వద్దు. ఒకేసారి గంట నడిపించే బదులు రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా తిప్పండి. బంతి విసిరి పరుగెత్తించే ఆట ఆపేయండి, ఆ ఉన్నపళాన తిరగడమే కీలుకు చేటు. ఇన్ని చేసినా లొంగని తుంటికి ఆపరేషన్లున్నాయి గానీ, 44 కిలోల మీద ఆ చర్చ తొందరపాటు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా జర్మన్ షెపర్డ్‌కు పదకొండేళ్లు. వెనక కాళ్లు ఈడుస్తోంది. నెలకో ఇంజెక్షన్‌తో కీళ్లనొప్పులు తగ్గుతాయని విన్నాం. వేయించమంటారా?

జవాబు: మీరు విన్నది బెడిన్‌వెట్‌మాబ్ గురించి. అమెరికా ఎఫ్‌డీఏ 2023 మేలో అనుమతిచ్చింది. నొప్పిని పెంచే నరాల పోషక ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇది. చాలా కుక్కలకు బాగా పనిచేస్తోంది. అయితే తూలడం, మూర్ఛలు, మూత్రం ఆగకపోవడం లాంటి ఫిర్యాదులు అందాయని అదే ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో పశువైద్యులను హెచ్చరించింది.

మీ విషయంలో అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. వెనక పాదాల గోళ్లు చూడండి. పైభాగం నేలకు రాసుకుని అరిగిపోయిందా? నిలబడ్డప్పుడు పాదాన్ని మడిచి పైచర్మం నేలకు ఆనేలా పెడితే, వెంటనే సరిచేసుకుంటోందా, అలాగే ఉంచేస్తోందా? ఉంచేస్తుంటే ఇది కీలు జబ్బు కాక వెన్నుపాము జబ్బు కావచ్చు. జర్మన్ షెపర్డ్‌లకు పెద్ద వయసులో వెన్నుపాము క్షీణించే జబ్బు రావడం మామూలే, అందులో నొప్పి ఉండదు. లేని నొప్పికి ఇంజెక్షన్ ఎందుకు? నరాల పరీక్ష అయ్యాకే దాని గురించి మాట్లాడుకోండి.

ప్రశ్న: మా నాటు కుక్కకు మూడేళ్లు. నిన్న ముందుకాలు, ఇవాళ వెనకకాలు కుంటుతోంది. ఒళ్లు కాలుతోంది, తిండి ముట్టడం లేదు. ఈ వయసుకే కీళ్లవాతమా? - వరంగల్ పాఠకుడు

జవాబు: అరుగుదల ఇలా కాలు మార్చి కాలు కుంటించదు, జ్వరం తేదు. గోమార్లు కుట్టి వచ్చే జ్వరాన్ని ముందు అనుమానించాలి, అందులో కీళ్లు వాస్తాయి. చిగుళ్లు పాలిపోయాయేమో, పొట్ట మీద ఎర్రటి చుక్కలున్నాయేమో చూసి రేపే రక్తపరీక్షకు తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. జబ్బు అదేనని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు ఇస్తారు. రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడు మాత్రలు ఆపేయకండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి, కుక్క పడుకునే చోట గోడ పగుళ్లలోనూ అవి దాక్కుంటాయి. పశువులకు కొట్టే గోమారి మందును మాత్రం కొలత లేకుండా కుక్క ఒంటికి పూయకండి, అది నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.